టెక్సస్ సెనేట్ క్రిమినల్ జస్టిస్ కమిటీ: దాని చేతిలో ఏముంది, ఏం లేదు

మీరు అడిగినవి మూడు. టెక్సస్ చట్టసభలో క్రిమినల్ జస్టిస్ కమిటీ అసలు ఏం చేస్తుంది? జైళ్ల మీద, పోలీసుల మీద దానికి ఎంత పట్టుంది? డాలస్ పక్కన ఉద్యోగం చేసుకునే మామూలు మనిషి ఆస్టిన్ వెళ్లి దాని ముందు మాట్లాడితే ఫలితం ఉంటుందా? మూడో ప్రశ్నకి జవాబు మొదటి రెండింటి మీద ఆధారపడి ఉంది కాబట్టి వరుసలోనే వెళ్దాం. ముందుగా ఒక్క మాట: ఈ కమిటీ బలమంతా రెండు చోట్ల ఉంటుంది. ఏ బిల్లుకి విచారణ తేదీ ఇవ్వాలన్నది ఒకటి, ఏ నేరాన్ని ఏ శిక్ష తరగతిలో పెట్టాలన్నది రెండోది. వీడియోల్లో కనిపించే వాదోపవాదాలు చాలావరకు ఆ తర్వాతి సంగతి.

టెక్సస్‌కి రెండు సభలు. సెనేట్‌లో 31 మంది, హౌస్‌లో 150 మంది. నేరాలు, శిక్షలకు సంబంధించిన బిల్లులు సెనేట్‌లో ఎక్కువ భాగం ఈ ఒక్క కమిటీకే వస్తాయి, సభ్యులు ఏడుగురు. హౌస్‌లో అదే పని రెండుగా చీలింది: శిక్షాస్మృతి, కోర్టు విధానం క్రిమినల్ జ్యూరిస్‌ప్రూడెన్స్ కమిటీకి, జైళ్లు, ప్రొబేషన్ (జైలుకి బదులు పర్యవేక్షణలో ఉంచడం), పెరోల్ కరెక్షన్స్ కమిటీకి. మామూలు సమావేశాలు బేసి సంవత్సరాల్లో జనవరి రెండో మంగళవారం మొదలై 140 రోజులకు ముగుస్తాయి. అంటే రెండేళ్లకోసారి అయిదు నెలలు కూడా పూర్తిగా ఉండవు. ఈ కమిటీ ప్రవర్తన సగం ఆ గడియారం వల్లే అలా ఉంటుంది.

సెనేట్ కమిటీల్లో ఎవరుండాలో, చైర్మన్ ఎవరో నిర్ణయించేది సెనేట్‌కి అధ్యక్షత వహించే లెఫ్టినెంట్ గవర్నర్. 2015 నుంచి ఆ పదవిలో డాన్ పాట్రిక్ ఉన్నారు. ఏ బిల్లు ఏ కమిటీకి వెళ్లాలో చెప్పేది కూడా ఆయనే. మెజారిటీ పార్టీవాళ్లే చైర్మన్ కావాలన్న పట్టింపు సెనేట్‌లో లేదు. హ్యూస్టన్ డెమోక్రాట్ జాన్ విట్మైర్ 1993 నుంచి 2023 దాకా, అందులో ఎక్కువ కాలం రిపబ్లికన్ మెజారిటీ ఉన్న సెనేట్‌లో, ఈ కమిటీ చైర్మన్‌గా ఉన్నారు. తర్వాత ఆయన హ్యూస్టన్ మేయరయ్యారు. 2025 సమావేశాల్లో చైర్మన్ రిపబ్లికన్ పీట్ ఫ్లోరెస్.

ఇక పరిధి. రాష్ట్ర జైళ్లను నడిపే టెక్సస్ డిపార్ట్‌మెంట్ ఆఫ్ క్రిమినల్ జస్టిస్, పెరోల్ నిర్ణయించే బోర్డ్ ఆఫ్ పార్డన్స్ అండ్ పెరోల్స్, కౌంటీ జైళ్లను తనిఖీ చేసే కమిషన్ ఆన్ జైల్ స్టాండర్డ్స్ ఈ కమిటీ కంటి కింద ఉంటాయి. కంటి కింద అన్నానే గానీ చేతి కింద అనలేదు. జైళ్ల శాఖ బోర్డులోని తొమ్మిది మందిని ఆరేళ్ల పదవీకాలానికి నియమించేది గవర్నర్. శాఖ అధిపతిని నియమించేది ఆ బోర్డు. 254 కౌంటీల షెరీఫులు, ప్రభుత్వం తరఫున కేసులు నడిపే జిల్లా అటార్నీలు ఎన్నికైన వాళ్లు, ఎవరి ఓటర్లకు వాళ్లు జవాబుదారులు. కమిటీ వాళ్లను తీసెయ్యలేదు, ఒక కేసు వెనక్కి తీసుకోమని చెప్పలేదు. ఇమిగ్రేషన్ డిటెన్షన్, ఫెడరల్ జైళ్లు, ఫెడరల్ నేరాలు దీనికి అసలు సంబంధం లేనివి. ఫలానా వారి కేసులో అన్యాయం జరిగిందని కమిటీకి ఉత్తరాలు రాసేవాళ్లు చాలామంది. ఆ ఉత్తరాలకు వచ్చే జవాబు దాదాపు ఒకటే: మీ లాయరుని సంప్రదించండి.

బిల్లు ఎలా కదులుతుందో, ఎక్కడ ఆగుతుందో చూద్దాం. సమావేశాలకు ముందు నవంబరు నుంచే బిల్లులు దాఖలు చేయొచ్చు. మామూలు బిల్లులకు ఆఖరు గడువు 60వ రోజు. మొదటి పఠనం పేరుతో బిల్లు పేరు చదివి కమిటీకి పంపేస్తారు. అక్కడినుంచి అది చైర్మన్ బల్ల మీద ఉంటుంది. విచారణకు పెట్టాలని ఆచరణలో చైర్మన్‌ని ఎవరూ బలవంతపెట్టలేరు. తిరస్కరించాల్సిన అవసరం కూడా లేదు, ఊరుకుంటే చాలు. 140 రోజులు గడిస్తే బిల్లు దానంతటదే చస్తుంది, ఎవరూ వ్యతిరేకంగా ఓటేసినట్టు రికార్డు ఉండదు. 2019లో కొద్దిపాటి గంజాయి దగ్గరుంచుకోవడాన్ని జరిమానా మాత్రమే ఉండే క్లాస్ సి స్థాయికి తగ్గించే హెచ్‌బీ (హౌస్ బిల్లు) 63 హౌస్‌లో 103–42 ఓట్లతో గెలిచింది. సెనేట్‌లో ఇది చచ్చినట్టేనని లెఫ్టినెంట్ గవర్నర్ బహిరంగంగానే చెప్పారు. అక్కడ విచారణే జరగలేదు. మనవాళ్లు హౌస్‌లో బిల్లు పాసైన వార్త చూసి చట్టం మారిపోయిందనుకుంటారు. సెనేట్ కమిటీ విచారణ తేదీ పడేదాకా దాన్ని వార్తగా కూడా లెక్కపెట్టకండి.

విచారణ పెట్టారంటే క్రమం ఇదీ. బిల్లు పెట్టిన సభ్యుడు వివరిస్తాడు. చాలాసార్లు అసలు పాఠం బదులు కమిటీ సబ్‌స్టిట్యూట్ అని కొత్త పాఠం ముందు పెడతారు. తర్వాత సాక్షులు మాట్లాడతారు, బిల్లు పెట్టిన సభ్యుడు ముగింపు మాట చెబుతాడు, చైర్మన్ బిల్లుని పెండింగ్‌లో ఉంచుతున్నట్టు ప్రకటిస్తారు. ఓటు సాధారణంగా ఆ రోజు ఉండదు. కొన్ని రోజుల తర్వాత ఒక చిన్న సమావేశంలో, ఒక్కోసారి సెనేట్ హాల్లోనే సభ్యులు డెస్కు చుట్టూ గుమిగూడి, అయిదు నిమిషాల్లో ఓటేసేస్తారు. అక్కడ పెండింగ్‌లోనే ఉండిపోయిన బిల్లులు బోలెడు. కమిటీ దాటాక కూడా సెనేట్‌లో మామూలు బిల్లుని చర్చకు తీసుకోవాలంటే హాజరైన వాళ్లలో తొమ్మిదింట అయిదు వంతుల మంది ఒప్పుకోవాలి, అంటే అందరూ ఉంటే 18 ఓట్లు. 2015కి ముందు మూడింట రెండు వంతులు కావాల్సొచ్చేది, తర్వాత అయిదింట మూడు వంతులు చేశారు, 2021లో మళ్లీ తగ్గించారు.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. శిక్ష తరగతుల లెక్క తెలియకుండా ఈ కమిటీ పని అర్థం కాదు. టెక్సస్‌లో క్లాస్ సి నేరానికి 500 డాలర్ల దాకా జరిమానా మాత్రమే, జైలు లేదు. క్లాస్ బికి 180 రోజుల దాకా, క్లాస్ ఎకి ఏడాది దాకా కౌంటీ జైలు. అక్కడినుంచి ఫెలొనీలు, అంటే పెద్ద నేరాలు: స్టేట్ జైల్ ఫెలొనీకి 180 రోజుల నుంచి రెండేళ్లు, మూడో డిగ్రీకి 2 నుంచి 10, రెండో డిగ్రీకి 2 నుంచి 20, మొదటి డిగ్రీకి 5 నుంచి 99 ఏళ్లు లేదా యావజ్జీవం. ఆ పైన క్యాపిటల్, అంటే మరణశిక్ష పడగల నేరం. కమిటీకి వచ్చే బిల్లుల్లో పెద్ద భాగం ఒకే వాక్యం మారుస్తాయి: ఫలానా నేరం క్లాస్ ఎ నుంచి స్టేట్ జైల్ ఫెలొనీ అవుతుంది, లేదా బాధితుడు ఫలానా ఉద్యోగి అయితే ఒక మెట్టు పెరుగుతుంది.

ఆ ఒక్క మెట్టుతో ఖర్చు ఎవరు భరించాలో కూడా మారిపోతుంది. క్లాస్ ఎ, బి శిక్షల ఖర్చు కౌంటీది. ఫెలొనీ శిక్ష పడ్డాక ఖర్చు రాష్ట్రానిది. అందుకే శిక్ష పెంచే బిల్లు వచ్చినప్పుడు కౌంటీలు అంతగా గొడవ చెయ్యవు, కొత్త క్లాస్ బి నేరం సృష్టిస్తే మాత్రం లేచి కూర్చుంటాయి. విచారణకు ముందు లెజిస్లేటివ్ బడ్జెట్ బోర్డు రెండు కాగితాలు జత చేస్తుంది: ఒకటి ఆర్థిక భారం అంచనా, రెండోది శిక్షలు మార్చే బిల్లులకు క్రిమినల్ జస్టిస్ ఇంపాక్ట్ స్టేట్‌మెంట్, అంటే జైళ్లలో మంది ఎంత పెరుగుతారన్న అంచనా. ఈ రెండో కాగితాన్ని చదవని వాళ్లే ఎక్కువ. చదివినా అందులో తరచు కనిపించేది, ప్రభావం గణనీయంగా ఉండదనో, లెక్కకట్టడానికి సరిపడా డేటా లేదనో. ఒక్కో బిల్లు విడిగా చూస్తే అది నిజమే కావచ్చు. ఒకే సమావేశాల్లో అలాంటివి అనేకం పాసైతే కలిపి ఎంతవుతుందో మాత్రం ఏ ఒక్క కాగితంలోనూ ఉండదు. నా దృష్టిలో ఈ వ్యవస్థలో ఉన్న పెద్ద లోపం ఇదే.

లెక్క సరిగ్గా ముందుకొచ్చినప్పుడు ఏమవుతుందో 2007లో తెలిసింది. 2012 నాటికి జైళ్లలో 17,000కి పైగా కొత్త పడకలు కావాలని, అందుకు రెండు బిలియన్ డాలర్ల దాకా అవుతుందని అంచనాలు వచ్చాయి. హౌస్ కరెక్షన్స్ చైర్మన్‌గా ఉన్న రిపబ్లికన్ జెర్రీ మాడెన్, సెనేట్ వైపు విట్మైర్ కలిసి ఆ మందిలో ఎవరెవరు ఏ దారిన జైలుకొస్తున్నారో విడదీసి అడిగారు. ప్రొబేషన్ రద్దయి వచ్చేవాళ్లు, చికిత్స పడక ఖాళీ లేక జైల్లోనే ఎదురుచూసేవాళ్లు, పెరోల్‌కి ఆమోదం వచ్చినా అందులో షరతుగా పెట్టిన కోర్సు దొరక్క ఉండిపోయేవాళ్లు పెద్ద సంఖ్యలో తేలారు. 241 మిలియన్ డాలర్లు మత్తు చికిత్సకి, మధ్యస్థ శిక్షా కేంద్రాలకి, డ్రగ్ కోర్టులకి కేటాయించారు. అనుకున్నంత పెరుగుదల రాలేదు. 2011లో రాష్ట్ర చరిత్రలోనే మొదటిసారి ఒక జైలు మూసేశారు. అది షుగర్‌ల్యాండ్‌లోని సెంట్రల్ యూనిట్. హ్యూస్టన్ పక్కన అదే ఊళ్లో ఇళ్లు కొనుక్కున్న తెలుగువాళ్లకి ఆ స్థలం పక్కనుంచే రాకపోకలు.

అయితే ఆ డబ్బు ఈ కమిటీ ఇవ్వలేదు. బడ్జెట్ బిల్లులో ప్రజా భద్రత, నేర న్యాయం అయిదో ఆర్టికల్‌లో ఉంటాయి. దాన్ని రాసేది సెనేట్ ఫైనాన్స్, హౌస్ అప్రోప్రియేషన్స్ కమిటీలు. క్రిమినల్ జస్టిస్ కమిటీ ఎంత మంచి విధానం ఆమోదించినా అయిదో ఆర్టికల్‌లో అంకె పడకపోతే అది కాగితమే. జైళ్లలో ఏసీల సంగతి చూడండి. ఖైదీలుండే గదుల్లో దాదాపు మూడింట రెండు వంతులకు ఏసీ లేదు, 2025 మార్చిలో ఫెడరల్ జడ్జి రాబర్ట్ పిట్‌మన్ ఆ వేడి రాజ్యాంగ విరుద్ధమని రాశారు. అయినా వెంటనే ఏసీలు పెట్టమని ఆదేశించలేదు. అది విధానపు గొడవ కన్నా డబ్బు గొడవ. కాబట్టి ఏసీల గురించి మాట్లాడదలుచుకుంటే ఫైనాన్స్ కమిటీలో అయిదో ఆర్టికల్ విచారణ రోజున వెళ్లండి.

తరగతుల సంగతి మన వీసాదారులకి ఇంకో వైపు నుంచి తగులుతుంది. 2015లో హెచ్‌బీ 1396 దొంగతనం పరిమితులు పెంచింది: 100 డాలర్ల లోపు క్లాస్ సి, 100 నుంచి 750 లోపు క్లాస్ బి, 750 నుంచి 2,500 లోపు క్లాస్ ఎ, ఆ పైన స్టేట్ జైల్ ఫెలొనీ. ఫెడరల్ ఇమిగ్రేషన్ చట్టంలో, అమెరికాలో ప్రవేశం పొందిన అయిదేళ్లలోపు చేసిన అనైతిక నేరానికి ఏడాది లేదా అంతకన్నా ఎక్కువ శిక్ష పడే అవకాశం ఉంటే దేశం నుంచి పంపించడానికి అది కారణమవుతుంది. చూసేది పడిన శిక్షని కాదు, పడగల శిక్షని. దొంగతనం సాధారణంగా ఆ కోవలోకే వస్తుంది. క్లాస్ బి గరిష్ఠం 180 రోజులు, క్లాస్ ఎ గరిష్ఠం ఏడాది. అంటే షాపులో వస్తువు ధర 740 డాలర్లా 760 డాలర్లా అన్నది జీవితం మార్చేయగలదు. ఈ ముడి చూసే వాషింగ్టన్ 2011లో, కాలిఫోర్నియా 2015 నుంచి, న్యూయార్క్ 2019లో తమ గరిష్ఠాన్ని ఏడాది నుంచి 364 రోజులకు తగ్గించాయి. ఒక్క రోజు. టెక్సస్ ఆ పని చెయ్యలేదు. అలాగే డిఫర్డ్ అడ్జుడికేషన్ (తీర్పు వాయిదా వేసి ప్రొబేషన్‌లో ఉంచడం) అంటే టెక్సస్ చట్టంలో శిక్ష పడనట్టే గానీ, నేరం ఒప్పుకుని ప్రొబేషన్ తీసుకుంటే ఫెడరల్ ఇమిగ్రేషన్ లెక్కలో అది శిక్షే. రికార్డు మూసేసే నాన్‌డిస్‌క్లోజర్ ఉత్తర్వు కంపెనీ తనిఖీకి పనికొస్తుందేమో గానీ ఇమిగ్రేషన్ అధికారికి కాదు. ఇలాంటి కేసు నిజంగా ఉంటే క్రిమినల్ లాయరు ఒక్కరే చాలరు, ఒప్పుకోవడానికి ముందే ఇమిగ్రేషన్ లాయరుకీ చూపించాలి. గంజాయి నూనె ఉన్న వేప్, మిఠాయిల సంగతి ఇంకా కఠినం: ఆకు రూపంలో రెండు ఔన్సుల దాకా క్లాస్ బి, అదే సాంద్రీకృత రూపంలో ఒక గ్రాము లోపున్నా స్టేట్ జైల్ ఫెలొనీ. డెన్వర్‌లో కొని డాలస్ తెచ్చే కుర్రాళ్లు ఈ ఒక్క వాక్యం చదివితే బాగుండు.

చట్టం లేకుండా కూడా కమిటీ పని చేయిస్తుంది. 2011 సెప్టెంబరులో మరణశిక్ష అమలయ్యే ముందు ఒక ఖైదీ పెద్ద జాబితా రాసి భోజనం తెప్పించుకుని ముట్టుకోలేదు. మర్నాడు విట్మైర్ జైళ్ల శాఖకు ఉత్తరం రాశారు. చివరి భోజనం కోరుకునే పద్ధతిని శాఖ ఆ రోజే ఎత్తేసింది. బిల్లు లేదు, విచారణ లేదు, ఓటు లేదు. 2008 అక్టోబరులో మరణశిక్ష ఖైదీ ఒకడు దొంగచాటు సెల్‌ఫోన్‌తో ఆయనకే ఫోన్ చేశాడు. ఫలితంగా రాష్ట్రంలోని జైళ్లన్నీ లాక్‌డౌన్ చేసి సోదా చేశారు. శాఖ అంతగా ఎందుకు వింటుందంటే, రెండేళ్లకోసారి బడ్జెట్ కోసం, పన్నెండేళ్లకోసారి తన ఉనికి కోసమే ఈ సభ్యుల ముందు నిలబడాలి. ఆ రెండోదాని పేరు సన్‌సెట్ సమీక్ష. 1977 నుంచి ఉన్న పద్ధతి. పన్నెండు మంది సభ్యుల కమిషన్ శాఖను పరిశీలిస్తుంది, చట్టసభ పొడిగించకపోతే శాఖ రద్దవుతుంది. జైళ్ల శాఖ, పెరోల్ బోర్డు 2025 సమావేశాలకు ముందే ఆ సమీక్షకు వచ్చాయి. ఉత్తరాలతో పాలించడం మంచిదా అంటే, నాకు అనుమానమే. త్వరగా పని జరుగుతుంది గానీ, ఎవరు ఎందుకు మార్చారో రికార్డు మిగలదు.

సమావేశాలు లేని పద్దెనిమిది, పందొమ్మిది నెలల్లో జరిగే పనిని చాలామంది పట్టించుకోరు. లెఫ్టినెంట్ గవర్నర్, స్పీకర్ కమిటీలకు అధ్యయన అంశాలు ఇస్తారు. వాటి మీద విచారణలు పెట్టి తర్వాతి సమావేశాలకు ముందు నివేదిక రాస్తారు. రాబోయే బిల్లుల మొదటి ముసాయిదా చాలాసార్లు ఆ నివేదికలోనే ఉంటుంది. సంఘాలేవైనా నిజంగా ప్రభావం చూపాలంటే ఆ కాలమే మేలు. గదిలో జనం తక్కువ, సమయం ఎక్కువ, సభ్యులు అడిగే ప్రశ్నలు కూడా నిజమైన ప్రశ్నలే.

కమిటీకి సాక్షులను సమన్లతో రప్పించే అధికారం కూడా ఉంది, ఎక్కువగా వాడరు. దాని హద్దు ఎక్కడో 2024లో తేలింది. రాబర్ట్ రాబర్సన్ అనే ఆయనకు రెండేళ్ల కూతురి మరణం కేసులో 2003లో మరణశిక్ష పడింది. పసిపిల్లను గట్టిగా కుదపడం వల్ల చనిపోయిందన్న వైద్య సిద్ధాంతం ఆ కేసుకు ఆధారం. కాలం చెల్లిన ఫోరెన్సిక్ సైన్స్‌తో పడిన శిక్షలను మళ్లీ పరిశీలించమని 2013లో విట్మైర్ తెచ్చిన చట్టం ఉంది. అది పనిచేస్తోందా లేదా చూస్తామంటూ, అక్టోబరు 17న శిక్ష అమలు కావాల్సి ఉండగా ముందురోజు హౌస్ క్రిమినల్ జ్యూరిస్‌ప్రూడెన్స్ కమిటీ రెండు పార్టీల సభ్యులతో ఏకగ్రీవంగా ఆయనకే సమన్లు ఇచ్చింది: 21న వచ్చి సాక్ష్యం చెప్పాలని. టెక్సస్‌లో క్రిమినల్ కేసులకు ఆఖరి కోర్టు కోర్ట్ ఆఫ్ క్రిమినల్ అపీల్స్, సివిల్ వాటికి సుప్రీంకోర్టు. సమన్లు సివిల్ విషయమన్న దారిలో వెళ్లి సుప్రీంకోర్టులో ఆ రాత్రి స్టే తెచ్చారు. నవంబరు 15న అదే కోర్టు తేల్చేసింది: కమిటీకి సాక్ష్యం రప్పించే అధికారం ఉంది గానీ, నిర్ణయమైన శిక్ష తేదీని ఆ అధికారంతో ఆపడానికి వీల్లేదు, సాక్ష్యం కావాలంటే తేదీకి అడ్డం రాని వేళ తీసుకోండి. డిసెంబరులో మళ్లీ పిలిచినా ఆయన రాలేదు. 2025 అక్టోబరులో కొత్త తేదీని ఆపింది క్రిమినల్ అపీల్స్ కోర్టే. క్షమాభిక్ష మీద కూడా కమిటీకి చెయ్యి లేదు: గవర్నర్ సైతం పెరోల్ బోర్డు సిఫార్సు లేకుండా ఇవ్వగలిగేది ఒకే ఒక్క 30 రోజుల వాయిదా.

సబ్‌స్టిట్యూట్ ఏం చెయ్యగలదో కూడా తెలిసి ఉండాలి. 2015 జూలైలో సిగ్నల్ వెయ్యలేదని ఆపిన సాండ్రా బ్లాండ్ మూడు రోజుల తర్వాత వాలర్ కౌంటీ జైల్లో చనిపోయింది. 2017లో ఆమె పేరుతో హౌస్‌లో గార్నెట్ కోల్‌మన్, సెనేట్‌లో విట్మైర్ బిల్లులు పెట్టారు. జరిమానా మాత్రమే ఉన్న చిన్న నేరాలకు అరెస్టు చెయ్యకూడదని, అనుమతి పేరుతో కారు సోదాలు తగ్గించాలని మొదటి పాఠంలో ఉంది. పోలీసు సంఘాల వ్యతిరేకతతో ఆ రెండూ తీసేశారు. ఎస్‌బీ (సెనేట్ బిల్లు) 1849గా పాసైనదాంట్లో జైలు మరణాలను బయటి పోలీసు సంస్థ దర్యాప్తు చెయ్యాలని, గదులను సమయానికి తనిఖీ చేశారో లేదో ఎలక్ట్రానిక్‌గా నమోదు కావాలని, మానసిక ఆరోగ్య శిక్షణ ఉండాలని మిగిలాయి. జైలు సగం నిలబడింది, రోడ్డు సగం పోయింది. చాలామందికి ఆ చట్టం పేరు తెలుసు, పోయిన సగం తెలియదు.

మన పార్లమెంటు స్థాయీ సంఘాలతో పోల్చి చూసుకోవడానికి చిన్న తేడా చెప్తాను. భారతదేశంలో పోలీసు, జైళ్లు రాష్ట్రాలవైనా శిక్షాస్మృతి విషయంలో పెత్తనం ఢిల్లీది. భారతీయ న్యాయ సంహితతో సహా మూడు బిల్లులను 2023 ఆగస్టులో హోం వ్యవహారాల స్థాయీ సంఘానికి పంపారు, నవంబరులో నివేదికలొచ్చాయి, డిసెంబరులో ప్రభుత్వం కొత్త పాఠాలు పెట్టి పాస్ చేయించుకుంది. ఆ సంఘం తలుపులు మూసి కూర్చుంటుంది, దాని మాట సలహా మాత్రమే, బిల్లుని ఆపలేదు. ఆస్టిన్‌లో తలుపులు తెరిచే ఉంటాయి, కానీ బిల్లు అక్కడే ఆగిపోగలదు.

ఇక మీరు వెళ్లదలుచుకుంటే. టెక్సస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్ సైటులో ఖాతా తెరిచి బిల్లు నంబరు మీద అలర్ట్ పెట్టుకోండి. సెనేట్ విచారణకు 24 గంటల ముందు నోటీసు ఇస్తే చాలు. హౌస్‌లో మామూలు సమావేశాల్లో అయిదు రోజులు. డాలస్ నుంచి మూడున్నర గంటల ప్రయాణం కాబట్టి సెలవు ముందే అడిగి ఉంచుకోవాలి. ఉదయం అని రాసినా, సభ ముగిశాక అని చిన్నగా రాసి ఉంటే మధ్యాహ్నం కావొచ్చు, మీ బిల్లు రాత్రి పదింటికి రావొచ్చు. చట్టసభ భవనం (క్యాపిటల్) లోపలి కియోస్క్‌లో సాక్షిగా నమోదు చేసుకోవాలి: అనుకూలం, వ్యతిరేకం, లేదా బిల్లు మీద అని మూడే గడులు. ఆ మూడోది ప్రభుత్వ శాఖల వాళ్లకి, ఏ పక్షమూ తీసుకోకుండా సమాచారం చెప్పేవాళ్లకి. మాట్లాడటం ఇష్టం లేకపోతే అభిప్రాయం మాత్రం నమోదు చేసి రావొచ్చు. హౌస్ బిల్లుల మీద టెక్సస్ నివాసులు విచారణ ముగిసేదాకా ఆన్‌లైన్‌లో కూడా వ్యాఖ్య పంపొచ్చు. అది ప్రయాణం తప్పిస్తుంది గానీ సభ్యుడు మిమ్మల్ని ప్రశ్న అడగలేడు.

సమయం సాధారణంగా రెండు మూడు నిమిషాలు. అందులో మొదటి పది సెకన్లు పేరు, ఊరు, ఎవరి తరఫున, బిల్లుకి అనుకూలమా వ్యతిరేకమా. తర్వాత బిల్లులోని ఫలానా సెక్షన్, ఫలానా పంక్తి అని చెప్పండి. బిల్లు కాగితంలో కింద గీత గీసినవి కొత్తగా చేర్చేవి, అడ్డంగా కొట్టేసినవి తీసేసేవి. చివరి రెండు సెక్షన్లు తప్పక చదవాలి. ఒకటి ఈ మార్పు ఫలానా తేదీ తర్వాతి నేరాలకే వర్తిస్తుందంటుంది. రెండోది అమలు తేదీ, ఎక్కువగా సెప్టెంబరు 1. వెంటనే అమలు కావాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. చెడిపోయేది ఎక్కువగా ఇక్కడే: జనం దాఖలైన పాఠం చదివి సిద్ధమై వస్తారు, ఆ ఉదయమే సబ్‌స్టిట్యూట్ వస్తుంది, వాళ్లు వ్యతిరేకించే సెక్షన్ అప్పటికే ఉండదు. ముందురోజు బిల్లు పెట్టిన సభ్యుడి ఆఫీసుకి ఫోన్ చేసి సబ్‌స్టిట్యూట్ ఉందా అని అడగడం ఒక్క నిమిషం పని, చాలామంది చెయ్యరు.

ఏడుగురిలో మీ జిల్లా సెనేటర్ ఉంటే ముందు అక్కడికే వెళ్లండి, చైర్మన్ ఆఫీసులో కమిటీ క్లర్కుని ఆ తర్వాత కలవండి. మీ జిల్లా సెనేటర్ కమిటీలో లేకపోయినా ఆయన బిల్లులకీ అక్కడ తేదీ కావాలి, కాబట్టి ఆయన ఆఫీసు మాట పూర్తిగా వృథా కాదు. ముప్పై మంది కట్టగట్టుకుని ఒకే ఉత్తరం చదివితే మూడో మనిషి దగ్గరే సభ్యులు ఫోన్లు చూడటం మొదలుపెడతారు. ఒకరు ఇంపాక్ట్ స్టేట్‌మెంట్‌లోని అంకె పట్టుకుని, ఇంకొకరు ఆ తరగతి మార్పు వల్ల తన వృత్తిలో ఏమవుతుందో చెప్తే చాలు, మిగతావాళ్లు పేర్లు నమోదు చేసుకోవచ్చు. నడుస్తున్న కేసు వివరాలు అక్కడ చెప్పొద్దు; విచారణ వీడియో శాశ్వతంగా ఉంటుంది, అవతలి లాయరు చూస్తాడు.

తర్వాతి మామూలు సమావేశాలు 2027 జనవరి 12న మొదలవుతాయి, బిల్లుల గడువు మార్చి 12 అవుతుంది. 364 రోజుల మార్పు లాంటిది కావాలనుకునే సంఘాలు 2026లోనే, అధ్యయన విచారణలు జరిగే రోజుల్లోనే, బిల్లు పెట్టడానికి ఒప్పుకునే సభ్యుణ్ణి వెతుక్కోవాలి. సంతకాల సేకరణ ఆ తర్వాత చూసుకోవచ్చు.